గోడకు బిగించిన చేయూత

పందొమ్మిది వందల తొంభై మూడు జూలై పన్నెండో తేదీ ఉదయం, కురవాలో వద్దో తేల్చుకోలేని మబ్బు ఊరి మీద కదలకుండా ఆగి ఉండగా, తడవని గొడుగును చంకన పెట్టుకుని మా ఆరోగ్య కేంద్రంలో క్షేత్ర కార్యకర్తగా అడుగుపెట్టిన మేమంతా అక్కయ్యగారని పిలుచుకునే సహోద్యోగిని, ఈ నెలాఖరున ప్రధాన పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి సంవత్సరాలలో వారికి అప్పగించినవి మిట్ట మీది ఇరుకు వీధులు. ఏ తలుపూ తట్టకముందే వీధి ఈ చివరినుంచి ఆ చివరికి ఊరికే నడిచి రావడం వారి పద్ధతి. తీగ మీద ఆరే పక్కబట్టలు, మూత లేని తొట్టి, పట్టపగలు మూసి ఉన్న కిటికీ, దాని వెనుక దగ్గు, అన్నీ గమనించాకే పలకరింపు. "అడిగితే మర్యాదకి జవాబు చెప్తారు. చూస్తే ఉన్నది కనబడుతుంది" అనేవారు. ఇంట్లోనూ అదే చూపు కాబోలు, "మా ఇంట్లో తీపి దాచుకునే చోటు లేదండీ" అని చక్కెరవ్యాధి ఉన్న బావగారు నేటికీ వాపోతుంటారు.

పర్యవేక్షకురాలైన ఏడాది ఎండాకాలంలో దర్జీల వీధి ముసలమ్మలకు కళ్లు తిరగడం మొదలైంది. డాక్టరుగారు మందులిచ్చారు, గుణం కనబడలేదు. చొక్కాలకు కాజాలు కుట్టే మామ్మ రెండుసార్లు పడిపోవడంతో, దర్జీ అయిన కొడుకు భయపడి వాకిట్లో మంచం వాల్చాడు.

"రేపటినుంచి సూది ముట్టుకోకమ్మా. పడుకో."

"సూది లాక్కుంటే నేను పోయినట్టేరా" అన్నారామె.

అక్కయ్యగారు గడప దగ్గరే నిలబడి చూస్తున్నారు. కోడలు ఇచ్చిన నీళ్లతో మామ్మ పెదవులు తడుపుకుని, మిగతావి మొక్కకు పోశారు. పక్కింటి ముసలమ్మా అంతే.

"నీళ్లెందుకు తాగరు మామ్మా?"

"తాగమంటావు, బాగానే ఉంది. తర్వాత నన్ను మోసుకెళ్తావా?"

అక్కయ్యగారు ఆ పూట అక్కడే కూర్చుని, ఇచ్చిన నీళ్లన్నీ తాగి, మధ్యాహ్నానికి వీధి చివర ఉన్న ఉమ్మడి మరుగుదొడ్డికి బయలుదేరారు. మోకాలెత్తు మెట్టు, పట్టుకోవడానికి ఏమీ లేని నున్నటి గోడ. దిగుతూ జారి, వీధి వీధంతా చూస్తుండగా కూలబడ్డారు.

"లే తల్లీ" అన్నారు వెనకే వచ్చిన మామ్మ. "మేమెందుకు నోరు కట్టుకున్నామో ఇప్పుడు తెలిసిందిగా."

కుంటుతూ వచ్చి సంగతంతా చెబితే డాక్టరుగారు ముందు నవ్వారు. ఆ తర్వాత, "మందు మారుద్దామనుకున్నాను. మార్చాల్సింది మెట్టన్నమాట" అని, అనుమతుల కోసం తామే కార్యాలయాల చుట్టూ తిరిగారు. తాపీమేస్త్రీ వచ్చి ఒక్క మెట్టును మూడు చేసి, గోడకు ఇనుప కడ్డీ బిగించాడు. ముసలమ్మలు కడుపునిండా నీళ్లు తాగారు. మామ్మ తల తిరుగుడు తగ్గింది. కొడుకు మంచమెత్తి గోడకు చేరేశాడు. మరి ఎనిమిదేళ్లు, కన్ను మూసేదాకా, ఆ దుకాణంలో కాజాలు ఆమెవే.

నాటినుంచి మా కేంద్రంలో కొత్తగా చేరినవారెవరైనా మొదటి వారం వట్టి చేతులతో వీధులు తిరగవలసిందే. ఇందుకు రాతపూర్వకమైన ఉత్తర్వేదీ లేదు. అక్కయ్యగారు ముందు నడిచేవారు, తక్కినవారం వెనక నడిచేవాళ్లం.

పండు వయసులోనూ ఎవరి భుజమూ అడగవలసిన అగత్యం లేకుండా, తమ కాళ్ల మీద తాము మనసైన చోటికల్లా వెళ్లి రాగల ఆరోగ్యంతో, బావగారితో, పిల్లలతో వారు చిరకాలం చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష.

మొన్న వీధుల పని చివరిసారిగా ముగించుకుని వచ్చాక, కేంద్రం వెనుక గదిలో అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. కూరలో ఉప్పు చాలలేదని ఎవరూ అనలేదు. మా చేతులు నెమ్మదించడం చూసి, అక్కయ్యగారే ఉప్పు డబ్బాను మధ్యకు జరిపారు.