డాక్టరమ్మ వంతు

మిత్రులారా, పెద్దలారా, ముందు వరసలో కూర్చున్న డాక్టరమ్మగారి అమ్మాయీ,

ఈ గదిలో ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు. కింద సోఫాలు కుట్టే షాపు, పైన మనం. ఆదివారం మధ్యాహ్నం కింద మిషన్లు ఆగాక పైన మన రికార్డు ప్లేయరు మొదలయ్యేది. పదిమంది వస్తే గది కిటకిటలాడేది. ఇవాళ మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఎందుకొచ్చామో అందరికీ తెలుసు. మన పళ్ళ డాక్టరమ్మ ఇక లేరు. మంగళవారం తన క్లినిక్‌లో, ఒక పేషెంటును పంపించి ఇంకొకరిని లోపలికి పిలిచేలోపు, గుండె ఆగి పోయారు.

నాకంటే ముందు మాట్లాడినవారు ఆమెను నాదశిరోమణి అన్నారు. రసజ్ఞురాలన్నారు. ఆమెలా వినగలిగే చెవి మళ్ళీ పుట్టదన్నారు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. ఇవాళ చెవులు కూడా చారెడయ్యాయి! మరి బతికున్నప్పుడు ఆ చెవుల గురించి ఈ గదిలో ఏమన్నాం?

నాకు కోపంగా ఉంది. సంతాప సభలో కోపం మర్యాద కాదు. తెలుసు. అయినా నేను పేపరు మనిషిని. విశేషణాలు నాకు చేతకావు. జరిగింది చెబుతాను.

కొత్తవాళ్ళున్నారు కాబట్టి మన ఆట సంగతి చెప్పాలి. మనమంతా జాజ్ అంటే చెవి కోసుకునేవాళ్ళం. ఆదివారానికి ఒకరి వంతు. వంతు వచ్చినవాళ్ళు ఒక రికార్డు తేవాలి. అట్ట ఇంట్లో వదిలేసి, నడిమి బిళ్ళ మీద పేరు కనపడకుండా కాగితం అంటించి తేవాలి. ముల్లు పడుతుంది. ట్రంపెట్ ఎవరిది, డ్రమ్స్ ఎవరివి, ఏ కాలం నాటిది? మిగతావాళ్ళు పోల్చుకోవాలి. ఆఖర్న కాగితం చించుతారు.

ఇందులో ఒక నియమం ఉంది. ముందు అభిప్రాయం, తర్వాతే పేరు. అది డాక్టరమ్మ పెట్టిన నియమం. ఎలా వచ్చింది? మన లాయరుగారు ఇక్కడే ఉన్నారు, ఏమీ అనుకోరు. ఒకసారి ఆయన ఒక ట్రంపెట్ విని, “వీడు ఊదుతున్నాడా, పొయ్యి రాజేస్తున్నాడా?” అన్నారు. కాగితం చించితే చాలా పెద్ద పేరు బయటపడింది. వెంటనే, “ఆహా, ఆ ఆగి ఆగి ఊదడంలోనే ఉందండీ గొప్పతనం” అన్నారు. గదంతా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. “పళ్ళు కట్టుడువైతే నేను సర్దగలను లాయరుగారూ. నాలుక కూడా కట్టుడుదైతే ఎక్కడికి పోతారు?” అన్నారు.

ఇతరులకు చెప్పడం తేలికే. తన దగ్గరికొచ్చేసరికి ఏం చేశారు? కొన్నాళ్ళకు ఇంకెవరో తమ వంతులో ఒక పియానో వినిపించారు. “వీడి వేళ్ళకి చలి పట్టింది, దుప్పటి కప్పండి” అన్నారామె. కాగితం చించారు. ఆ వాయించినాయన ఎవరో తెలుసా? ఆమె ప్రాణంగా అభిమానించే విద్వాంసుడు. క్లినిక్ గోడ మీద వాళ్ళ నాన్న ఫోటో పక్కన ఆయన ఫోటో ఉండేది. ఇప్పుడేమంటారో చూద్దామని అందరం ఆమె ముఖంలోకి చూశాం. ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. “నా దేవుడే. అయినా ఈ పూట బాగా వాయించలేదు. పేరు చూసి మాట మార్చను” అన్నారు.

ఒక విషయం ఒప్పుకుందాం. పేర్లు పోల్చడంలో ఆమె మనందరికంటే వెనకే. తప్పులు చెప్పేవారు. గట్టిగా, ధైర్యంగా, గది దద్దరిల్లేలా తప్పులు చెప్పేవారు. కానీ విన్నదాని గురించి ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

ఇక ఆ చెవుల సంగతి.

పళ్ళ డాక్టర్లు పళ్ళు తొలిచే మిషను చప్పుడు మనకు కుర్చీలో ఉన్న కాసేపే వినపడుతుంది. వాళ్ళు బతుకంతా దాని పక్కనే ఉంటారు, ఆ కీచుమోత మెల్లగా చెవిని తినేస్తుంది. పోయినేడాది ఒక ఆదివారం, రికార్డు నడుస్తుండగా, “ఈ డ్రమ్మరు ఇత్తడి పళ్ళేలు ముట్టుకోడేం? అలిగాడా?” అన్నారామె. అందరం ఆమె వైపు తిరిగాం. ఎందుకంటే ఆ డ్రమ్మరు మొదటి నుంచీ ఆ పళ్ళేల మీదే, అంటే సింబల్స్ మీదే, వాయిస్తున్నాడు. సన్నటి మోతలు ఆమెకు వినపడటం లేదని మాకూ, ఆమెకూ ఆ క్షణంలోనే తెలిసింది.

మనలో ఎవరమైనా అయితే దాచుకునేవాళ్ళం. ఆమె పై ఆదివారం వచ్చి, కూర్చోకుండానే చెప్పారు. “పరీక్ష చేయించుకున్నాను. నా వంటింట్లోంచి పళ్ళేలు పోయాయి. గిన్నెలు, గుండిగలు ఇంకా ఉన్నాయి. వాటితోనే వండుకుంటా.” అప్పటినుంచి అడుగున మోగే పెద్ద తంతి వాద్యాన్ని, ఆ డబుల్ బేస్‌ని పట్టుకున్నారు. మనం ఎవరూ పట్టించుకోని ఆ మోతలో ఎక్కడ బరువు పెరిగిందో, ఎక్కడ తడబడిందో చెప్పేవారు. ఇంకా బాగా వినడానికి ఒక చెక్కపుల్ల తెచ్చుకున్నారు. ఒక కొన పళ్ళ మధ్య, ఇంకో కొన స్పీకరు పెట్టెకు ఆనించి, కళ్ళు మూసుకునేవారు. “ఎముక మోసే పాట చెవి మోయలేదయ్యా” అనేవారు. పళ్ళ డాక్టరు చెప్పిన మాట అది.

చూడ్డానికి బాగుండేదా? బాగుండేది కాదు. అదీ ఆమెకు తెలుసు.

మిత్రులారా, తర్వాత జరిగింది నేను చూడలేదు. ఎన్నికల వార్తల కోసం ఊళ్ళు తిరుగుతున్నాను. తిరిగొచ్చాక ఆ ఆదివారం ఇక్కడున్నవాళ్ళను ఒక్కొక్కరినే విడిగా అడిగాను. అందరి మాటా ఒకటే. కాబట్టి అచ్చులో వేసినా నిలబడేదే చెబుతున్నాను. కొత్త సభ్యులు కొందరు చెక్కపుల్ల చూసి నవ్వారు. మన కార్యదర్శిగారు ఆమె దగ్గరికెళ్ళి, “అక్కా, బయటివాళ్ళు వస్తున్నారు, పుల్ల కొరుకుతూ కూర్చుంటే మన పరువు పోతుంది. ఈసారి మీ వంతు వేరేవాళ్ళకిద్దాం. మీరు హాయిగా వింటూ కూర్చోండి” అన్నారు.

వినపడదని వంతు తీసేసిన మనిషిని, వింటూ కూర్చోమన్నారు!

అప్పుడు గది నిండా మనుషులున్నారు. అందరికీ చెవులున్నాయి. మంచి చెవులు, పేరున్న చెవులు. ఒక్కరైనా ఇది తప్పని అన్నారా? బతుకంతా “నోరు తెరవండి, ఇంకొంచెం తెరవండి” అని చెప్పిన మనిషి ముందు ఒక్కరైనా నోరు తెరిచారా?

 ఆమె పైవారం కూడా వచ్చారట. కాగితం అంటించిన రికార్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఆదివారం వేరే ఎవరిదో పెట్టారు. ఆ తర్వాతి వారమూ అంతే. వచ్చిన ప్రతిసారీ ఆ రికార్డు తెచ్చారు, ప్రతిసారీ ఇంటికి పట్టుకెళ్ళారు. ఒళ్ళో ఏముందని కూడా ఎవరూ అడగలేదు. ఆపైన రావడం మానేశారు.

మన వల్ల ఆమె పోయారని నేననను. అది అబద్ధం. అబద్ధం మీద కోపం నిలబడదు. ఆమె గుండెజబ్బుతో పోయారు. కానీ ఆ జబ్బు రాకముందే ఆమెను ఈ గదిలోంచి పంపించింది మనం. అది నిజం.

ఇప్పుడు కార్యదర్శిగారు ఏం ప్రకటించారు? ఏడాదిలో ఎక్కువ పేర్లు పోల్చినవారికి డాక్టరమ్మ స్మారక కప్పు! అయ్యా, ఆమె పేరు మీద పేర్ల పోటీయా? పేరు చూసి రుచి మార్చుకోవద్దని పోరాడిన మనిషికి ఇదా మీరిచ్చే గౌరవం? ఆ కప్పు మాకొద్దు. ఈ సభ ముగిసేలోపు వెనక్కి తీసుకోండి. ఆమెకు బాకీ ఉన్నది కప్పు కాదు, వంతు.

ఆ వంతు ఇవాళ ఇద్దాం.

డాక్టరమ్మగారి అమ్మాయి ఒళ్ళో ఉన్నది చూస్తున్నారుగా? ఆ రికార్డే. క్లినిక్ బల్ల మీద దొరికింది. బిళ్ళ మీద కాగితం అలాగే ఉంది. అందులో ఏముందో ఆ అమ్మాయికీ తెలీదు, నాకూ తెలీదు. ఎవరూ కాగితం చించొద్దు. ఇవాళే కాదు, ఎప్పటికీ. విన్నాక ఒక్కొక్కరూ ఏం విన్నారో చెప్పండి. బాగోలేకపోతే బాగోలేదనే చెప్పండి. చనిపోయినావిడ తెచ్చిందని మెచ్చుకున్నారో, ఆమె ఊరుకోరు. దగ్గరికొచ్చి స్పీకరు పెట్టె మీద చెయ్యి ఆనించి వినాలనిపించినవాళ్ళు నిస్సంకోచంగా రండి. పరువేమీ పోదు.

ముల్లు పడ్డాక, పాట అందుకునేలోపు, కాసేపు గరగరమంటుంది. అప్పుడు ఎవరైనా గుసగుసలాడితే డాక్టరమ్మ వేలెత్తి చూపేవారు. “ఊపిరి బిగబట్టండి, ఇంకా ఎవరో తెలీదు, ఎవరైనా కావచ్చు” అనేవారు. ఆ గరగర ఉన్నంతసేపే మనం పాటించే మౌనం.

అందరూ లేచి నిలబడండి. మెట్ల మీదున్నవాళ్ళు కూడా.

అమ్మా, ముల్లు పెట్టు.