మూడో బెంచీ కాలు

"వెనక తలుపు గడియ బిగించాలి. పాటల నంబర్ల బోర్డుకు మేకు కొట్టాలి. ప్రసంగం బల్ల ఊగుతోంది, దాని సంగతి చూడాలి. ఆ తర్వాత మూడో బెంచీ కాలు. అంతేరా, పెద్ద పనేం కాదు."

శనివారం మధ్యాహ్నం ఖాళీ చర్చిలో, చీపురు చేతబట్టుకుని, పిన్ని తన అక్క కొడుకైన వడ్రంగికి పని అప్పజెబుతోంది.

"గడియ పోయిన నెలేగా బిగించాను?"

"ఊడింది."

"దానంతటదే?"

"దేవుడి చిత్తం."

"దేవుడికి స్క్రూడ్రైవర్ దొరికిందన్నమాట."

"చర్చిలో ఆ మాటలేంట్రా. పని చూడు."

"చూస్తున్నా. ఏ చర్చిలోనూ ఇన్ని విరగవు పిన్నీ. మీరు ఆరాధన చేస్తారా, కుస్తీ పడతారా?"

"రేపొచ్చి చూడు. ఆదివారమేగా."

"మళ్ళీ మొదలెట్టావా."

"తాగుడు మానేశావుగా?"

"మానేశా."

"మరింకేం?"

"ఇంకేమా? సంఘపెద్ద ముందు వరసలో కూర్చుంటారు. తాగిన మత్తులో ఆయన కుడిచెయ్యి విరగ్గొట్టింది నేను. ఇప్పటికీ ఆ వేళ్ళు ముడుచుకోవు. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావ్? పనికైతే వస్తా. ఆరాధనకి రాను, రాను."

"దేవుడు క్షమించాడ్రా."

"దేవుడి చెయ్యి విరగలేదుగా."

"మేకులు కొట్టించుకున్నాడు. వడ్రంగివి, ఆ మాత్రం తెలీదా?"

"...ఆ సుత్తి ఇలా ఇవ్వు."

"ఇదుగో. మాట తప్పించడం మాత్రం బాగా వచ్చు."

"ఈ బెంచీ కాలెలా విరిగింది?"

"లావుపాటావిడ కూర్చుంది."

"ఎవరావిడ?"

"నేనే."

"నువ్వా? ఫ్యాను గట్టిగా తిరిగితే ఎగిరిపోయేలా ఉంటావ్."

"అయితే చెదలేమో."

"చెదలు తింటే పొడి రాలుతుంది. విరిగితే పేళ్ళు లేస్తాయి. దీన్ని రంపంతో కోశారు పిన్నీ."

"అయ్యో, ఎంత ఘోరం."

"నీ మొహంలో ఘోరమేం కనబడట్లేదు. నువ్వేనా?"

"నాకు రంపం ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు."

"పాస్టరుగారా?"

"ఆయనా? పెన్సిలు చెక్కితేనే వేలు తెగుతుంది."

"మరెవరు? పని రాని చెయ్యి. ఇక్కడ జారింది, ఇక్కడా జారింది. కోత కూడా ఇటు నుంచి అటు వాలి... ఆగు."

"ఏమైంది?"

"ఇది ఎడంచేత్తో కోసిన కోత."

"ఊఁ."

"మీ సంఘంలో ఎడంచేతివాటం ఎవరికీ లేదే."

"పుట్టుకతో లేదు."

"...పిన్నీ."

"నన్నడక్కు. పనుంటే తప్ప వాడు గడప తొక్కడు, కాబట్టి పని పుట్టించాలి అన్నారాయన. నేను గుమ్మం దగ్గర కాపలా కాశానంతే."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి గడియ ఊడిన దగ్గర్నుంచి."

"నేనొచ్చినప్పుడల్లా ఆయన ఎక్కడుంటారు?"

"పక్క గదిలో. నీ సుత్తి చప్పుడు వింటూ కూర్చుంటారు."

"ఇప్పుడు కూడానా?"

"నువ్వు కొట్టడం ఆపేశావు కదా, కంగారు పడుతుంటారు. ఎక్కడికిరా? కాలు బిగించవా?"

"ఆయన్ని చూసొచ్చి బిగిస్తా. రేపు ప్రార్థన ముందు, ఎవరి కోసం ప్రార్థించాలో అడుగుతారా ఇంకా?"

"అడుగుతారు. నీ పేరివ్వనా?"

"నాకొద్దు, నేనెలాగూ వస్తున్నా కదా. ఆ పెద్దాయన్ని తలుచుకోండి అందరూ. ఉన్న ఒక్క చేత్తో రంపం పట్టారు, వేళ్ళు జాగ్రత్త."