గరాజ్ కాపురం

హలో… ఆఁ, ఎత్తాను, నేనేరా. జోసఫ్ బావనే. ఈ ప్లెయిన్స్‌బరో ఇంట్లో ఫోనెత్తడానికి నేను కాక ఇంకెవరున్నారు లెవీ?

… ఏ కంప్యూటరు?

… గుర్తులేకేం! రెండువేల పన్నెండు, అక్టోబరు ఇరవై, శనివారం. మీ అరోరా ఇంట్లో పీతల పులుసు, వేడి అన్నం. మీ అక్క పీత డెక్కలు కొరుకుతుంటే మాట్లాడటానికి భయమేసింది నాకు. నువ్వు భోజనానికి కూడా లేవకుండా కార్పెట్ మీద కూర్చుని ఆ సీపీయూ బిగిస్తున్నావు. "బావా, ఇది ఇరవయ్యేళ్ళు తిరుగులేకుండా పనిచేస్తుంది" అన్నావు. పులుసు చల్లారిపోయింది. అందుకే గుర్తు.

… ఆగిపోతోందా? ఎలా ఆగిపోతోంది?

… వేడెక్కి, దానంతటదే. ఊఁ. మరి నాకెందుకు ఫోన్ చేశావు నాయనా? నువ్వు సాఫ్ట్‌వేర్ ఇంజనీరువి. నేను మందుల కంపెనీలో గోలీలు పరీక్ష చేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్‌కి జ్వరమొస్తే క్రోసిన్ రాసిమ్మంటావా?

… హార్డ్‌వేర్ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. అవునవును. వంటవాడు వేరు, వడ్డించేవాడు వేరు. సరే, ముందు అదేమిటి వెనకాల హోరు? బట్టల డ్రైయరా?

… గరాజ్‌లోనా? గరాజ్‌లో ఏం చేస్తున్నావు?

… కంప్యూటర్ గరాజ్‌లో ఎందుకుంది, అదడుగుతున్నా.

… లెవీ.

… లెవీ, నీ చిన్నప్పట్నించీ ఎరుగుదును నిన్ను. అంతసేపు ఆలోచించి చెప్పేది నిజం కాదు. మళ్ళీ చెప్పు.

… అరోరాలో, నవంబరు చలిలో, గరాజ్‌లో పడుకుంటున్నావు?

… స్లీపింగ్ బ్యాగ్ ఉందా. ఓహో. మూడు జతల సాక్సులు కూడానా. అయితే భోగమే. ఎన్నాళ్ళయింది ఈ వనవాసం?

… మంగళవారం నించి. ఇవాళ శనివారం. జెనిఫర్ ఏమంటోంది?

… మాటల్లేవా? అసలా? మరి ఇంట్లో పనులెలా నడుస్తున్నాయి?

… అబిగేల్ రాయబారమా! పిల్ల వచ్చి, "డాడ్, మామ్ ఈజ్ ఆస్కింగ్ కారు తాళాలు ఎక్కడ పెట్టారో" అంటుంది, నువ్వు "టెల్ హర్" అంటావు. బాగుంది. కాలేజీకి అప్లై చేసేటప్పుడు రాసుకోమను, దౌత్యంలో అనుభవం ఉందని.

… నవ్వట్లేదురా. దగ్గు. ఏం జరిగింది, మొదట్నించీ చెప్పు.

… ఆఁ. మంగళవారం మీ ఇంట్లో ప్రార్థన కూడిక. ఆఁ. పాట పదాలు టీవీ మీద పడుతున్నాయి, నీ కంప్యూటర్ నించి. రెండో చరణంలో విమానం ఎగిరినట్టు హోరుమని… ఠపీమని ఆరిపోయింది. ఆఁ. అందరూ నోళ్ళు తెరుచుకుని అక్కడే ఆగిపోయారు. షాలేం రాజు గారు తప్ప. ఆయన పదాలతో పనిలేకుండా పాడేస్తాడు, ఆయన రాగం ఆయనది.

… జెనిఫర్ ఏమంది?

… "ఆ డొక్కుది పారేయమని ఎప్పట్నించో చెబుతున్నానండీ." అంతేనా? అది తప్పేముంది? ఆ ముక్క నేనూ అన్నాను, మీ అక్కా అంది.

… నువ్వేమన్నావు?

… ఏమన్నావురా?

… మళ్ళీ అను.

… "ఈ ఇంట్లో పనికిరానిది అదొక్కటేనా" అన్నావు. పాస్టరమ్మ గారి ముందు. ఇరవై మంది ముందు. జెనిఫర్ వండిన బిర్యానీ వాళ్ళు తినబోయే ముందు.

… జోక్ గానా. ఎవరు నవ్వారు?

… ఎవరూ నవ్వకపోతే దాన్ని జోక్ అనరు బామ్మర్ది గారూ.

… సరే. తర్వాత నువ్వే అలిగి, ఆ సీపీయూని చంకనెత్తుకుని గరాజ్‌కి కాపురం మార్చావు. "దీన్ని బాగుచేసి చూపిస్తాను" అని. అంటే అది నడిస్తే నువ్వన్న మాట ఒప్పయిపోతుందన్నమాట. ఫ్యాన్ తిరిగితే మగాడివి గెలిచినట్టు.

… రేపు చర్చ్‌లో పాటలన్నీ దీన్లోనే ఉన్నాయా? రేపేమిటో గుర్తుందా నీకు? నెల మొదటి ఆదివారం. బల్ల ఆరాధన. ప్రభువు రొట్టె, మనసులో తగువు ఉంచుకుని ముట్టకూడదు. భార్యతో మాట్లాడకుండా వెళ్ళి రొట్టె తీసుకుంటావా?

… లేచి బయటికెళ్ళి కూర్చుంటావా! అప్పుడు పాస్టర్ గారు, పాస్టరమ్మ గారు, షాలేం రాజు గారు, వాళ్ళ కుటుంబంతో సహా నీ వెనకాలే వస్తారు. "ఏం తమ్ముడూ, ప్రార్థన చేయమంటావా" అంటూ. జెనిఫర్ ఒక్కతే లోపల కూర్చుంటుంది, అందరూ తనవైపు చూస్తుంటే. అది కావాలా నీకు?

… సరే, సరే. ముందు కంప్యూటరే చూద్దాం. నీ దారిలోనే వస్తాను. లోపల దుమ్ము దులిపావా?

… బుధవారం విప్పి దులిపావు. ఎంత వచ్చింది?

… దిండు కుట్టేంత! పదేళ్ళ తర్వాత దానికి తలంటు పోశావన్నమాట. అంటే జెనిఫర్ చెప్పింది నిజమేగా, అది డొక్కుదేనని?

… నేను ఎవరి పక్షం కాదు. ఫ్యాన్ పక్షం. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు కొత్తగా పూశావా?… పూశావు. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా?… తిరుగుతున్నాయి. కాళ్ళ దగ్గర హీటరేమైనా పెట్టుకున్నావా? దాని గాలి సీపీయూ మీదికి కొడుతోందా?

… హీటరే లేదు. సరే. దులిపాక ఎలా ఉంది?

… బుధవారం పొద్దున్నించీ బ్రహ్మాండంగా నడిచింది. మరి?

… సాయంత్రం ఆరిపోయింది. గురువారం?… పొద్దున బాగుంది, సాయంత్రం ఆరిపోయింది. నిన్న?… నిన్నా అంతే. పగలు ఆరోగ్యం, సాయంత్రానికి జ్వరం. ఇది మలేరియా లాగుందిరా.

… వేళాకోళం కాదు, ఆలోచిస్తున్నా. గరాజ్‌లో పగలు చలెక్కువా, సాయంత్రం చలెక్కువా?

… సాయంత్రమే ఎక్కువ. అంటే చలి ముదిరేకొద్దీ ఇది వేడెక్కుతోంది. నీలాగే తిరగబడ్డ బుద్ధి దానికీ. ఇప్పుడు డిగ్రీలెంత చూపిస్తోంది?

… తొంభై ఆరా! ఒరే, ఆరిపోతుంది చూడు… ఆఁ… ఆరిందా?

… ఆరింది. ఊపిరి పీల్చుకోనీ దాన్ని. నువ్వు కూడా పీల్చుకో.

లెవీ, సీపీయూ ఎక్కడుంది? నీ బల్ల కిందా?

… ఇంట్లోకి వెళ్ళే తలుపు పక్కన, పాత స్టూలు మీద. నీ వీపు దానివైపు. ఎందుకట?

… తలుపు తీసుకుని ఆవిడ బట్టలు ఉతకడానికి వస్తుంది కాబట్టి, ఆవిడ మొహం చూడకూడదు కాబట్టి. చాలా బాగుంది. గోడవైపు తిరిగి కూర్చుని పాటల ఫైళ్ళు సర్దుతున్నావు. దేవుడు చూసి మురిసిపోతుంటాడు.

ఆ సీపీయూకి వేడిగాలి ఎటునించి బయటికొస్తుంది?

… వెనకనించీ, పైనించీ. పైన చిల్లుల మూత ఉంది. ఊఁ. ఆ పైన ఏమైనా పెట్టావా?

… ఏమీ పెట్టలేదు.

… ఏమీ పెట్టకపోతే ఇంతసేపు ఎందుకాలోచించావు?

… నువ్వు పెట్టలేదు. మరెవరు పెట్టారు?

… లెవీ, వెనక్కి తిరుగు. గోడ ఎక్కడికీ పోదులే. తిరిగి చూసి చెప్పు.

… టర్కీ టవల్. నాలుగు మడతలు. టవల్ కింద?

… స్టీలు క్యారేజీ.

…

ఎవరు పెట్టారు అనను. తెలుస్తూనే ఉంది. ఎప్పుడు పెడుతుంది?

… రోజూ ఆరూ ఆరున్నరకి. ఏమీ మాట్లాడకుండా. తలుపు తెరుచుకోవడం వినిపిస్తుంది, మూసుకోవడం వినిపిస్తుంది. నువ్వు తిరగవు.

… మరి నువ్వేం తింటున్నావు?

… పిజ్జానా? నాలుగు రోజులూ? పక్కన భార్య వండిన అన్నం పెట్టుకుని, గోడవైపు తిరిగి పిజ్జా?

… "నేను అడగలేదు" అంటావా. ఆహా. నువ్వడక్కుండా వచ్చినవి ఇంకా చాలా ఉన్నాయిరా నీకు, జుట్టు తప్ప. ఆ క్యారేజీ ఎవరు తీస్తున్నారు మళ్ళీ?

… పొద్దున ఆవిడే పట్టుకెళ్తోంది. ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు. సాయంత్రం మళ్ళీ కొత్తగా వండి తెస్తోంది.

… ఏంటి? మళ్ళీ అను?

… ఓహోహో! "అయితే కంప్యూటర్ ఆవిడవల్లే ఆరిపోతోంది!" దొరికిందండీ నేరస్థురాలు! పిలువురా పోలీసుల్ని! సాక్ష్యం టవల్ చుట్టి ఉంది, గోరువెచ్చగా! నాలుగు రోజులుగా మొగుడికి అన్నం పెడుతోందని కేసు రాయించు. పాస్టర్ గారిని కూడా పిలువు, రేపు బల్ల ముందు విచారణ పెట్టిద్దాం.

… అరవలేదురా. కొంచెం అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఈ ఇంట్లో అరిచి చాలా కాలమైంది.

విను. గరాజ్‌లో చలి. నువ్వు ఎప్పుడు తింటావో ఆవిడకి తెలియదు. అన్నం చల్లారిపోతుంది. ఎక్కడైనా వెచ్చగా ఉందా అని వెతికింది. ఆ గరాజ్ మొత్తంలో వెచ్చగా ఉన్నది నీ డొక్కు సీపీయూ నెత్తి ఒక్కటే. పారేయమన్న మనిషే దాన్ని పొయ్యిలా వాడుకుంది, నీకోసం. టవల్ కూడా కప్పింది. చిల్లులు మూసుకుపోతాయని ఆవిడకేం తెలుసు? ఆవిడ నర్సు. చలేస్తే కప్పుతుంది. ఆ చదువు అది.

… తెరువు. ఏముందో చెప్పు.

… గోంగూర రొయ్యలు. పై గిన్నెలో?… పెరుగన్నం, దానిమ్మ గింజలు వేసి. వేడిగా ఉందా?

… ఉండదా మరి, తొంభై ఆరు డిగ్రీల మీద పెడితే.

… ఏడుస్తున్నావా, గోంగూర ఘాటా?

… సరే, గోంగూరే. ఒప్పుకున్నా.

ఒక మాట చెబుతా, అడగకపోయినా. మీ అక్కకి నా మీద కోపమొస్తే టీలో అల్లం వేసేది కాదు. అంతే. తిట్టేది కాదు, అరిచేది కాదు. టీ మాత్రం టైముకి వచ్చేది. అల్లం లేకుండా. నేను ఒక గుక్క తాగి, ఏం చేశానా అని ఆలోచించుకునేవాణ్ణి. ఇప్పుడు నా టీలో నేనే కావలసినంత అల్లం దంచి వేసుకుంటున్నాను. ఒక్కరోజు కూడా తక్కువ కాదు.

… ఏం లేదు, ఊరికే చెప్పాను. లే.

… అక్కడ తినకు! ఆ గరాజ్‌లో ఒక్క ముద్ద కూడా తినకు. క్యారేజీ లోపలికి పట్టుకెళ్ళు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, రెండు కంచాలు పెట్టు. ఆవిడ తినకపోయినా పెట్టు.

… ఏమంటావు లోపలికెళ్ళి? అని చూడు, నేను వింటా.

… "ఐయామ్ సారీ ఇఫ్ యూ ఫెల్ట్"… ఆపు, ఆపు. అది సూట్‌కేసు పోతే ఎయిర్‌లైన్స్ వాళ్ళు రాసే మెయిల్‌రా. తెలుగులో అను.

… "ఆ రోజు అలా అనుండకూడదు గానీ నువ్వు కూడా"… రెండో సగం కొట్టెయ్.

… మళ్ళీ.

… "తప్పు నాదే జెన్నీ." ఊఁ. అక్కడ ఆగిపో. ఆ తర్వాత ఒక్క అక్షరం వద్దు. ఇంజనీరు బుద్ధితో ఫ్యాన్ల గురించి వివరించబోకు. టవల్ సంగతి అసలెత్తకు.

… ఇరవై మంది ముందు అన్నదానికి ఇంట్లో ఆవిడొక్కదానికే చెప్తే చాలదు, నిజమే. ఆ సంగతి నువ్వే అన్నావు, మంచిదే. రేపు పాస్టరమ్మ గారి ముందు ఏం చెప్పాలో జెనిఫర్‌నే అడుగు. ముందు ఆ తలుపు దాటు.

… ఆవిడ ఏమంటుందో నాకేం తెలుసు? తిట్టొచ్చు. మాట్లాడకుండా లేచి వెళ్ళిపోవచ్చు. గ్యారంటీ ఇవ్వడానికి నేనేం కంపెనీనా?

… కంప్యూటర్ సంగతా? టవల్ తీశావుగా. ఆన్ చేసి వదిలెయ్, అదే నడుస్తుంది. పాటలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకో పొద్దున. వెళ్ళు.

… ముందు ఫోన్ పెట్టెయ్… లెవీ? ఒరే లెవీ?

…

కట్ చేయకుండానే పోయాడు. వెధవ. ఫోన్ ఆ బల్ల మీదే వదిలేశాడు. తలుపు మూసిన చప్పుడు కూడా లేదు.

…

గిన్నెల చప్పుడవుతోంది… ఆఁ. అమ్మయ్య, అన్నాడు. "తప్పు నాదే" దాకా వినపడింది. ఆపాడు కూడా. ఆపగలిగాడు.

…

… జెనిఫర్ గొంతే అది. ఏమంటోందో తెలియడంలేదు… తిడుతోంది. తిడుతోందిరా నాయనా. మంచి తెలుగులో తిడుతోంది. హమ్మయ్య.

వినకూడదు ఇక నేను. వాళ్ళిద్దరి మధ్యది.

…

ఆ… గరాజ్‌వైపు తలుపు వేశారు. మెల్లిగా, చప్పుడు కాకుండా… గడియ కూడా లోపలినించే.