ఆఖరి బొమ్మలో చెట్టు

చిత్రకారుడు కొండల్లో కనిపించకుండా పోయి ఆరో రోజు. గాలింపు జట్టు దిగిన గదిలో, ఆయన బొమ్మల పుస్తకానికి అటు కూతురు, ఇటు ఆయనకు దారి చూపించిన మనిషి.

"మళ్లీ నన్నే అడుగుతావేంటమ్మా? చెప్పాల్సిందంతా వాళ్లకి చెప్పేశాగా."

"మళ్లీ చెప్పన్నా. ఇది పొద్దున కింద వాగులో వలకి చిక్కింది. మైనం గుడ్డలో చుట్టి, గట్టిగా ముడేసి ఉంది. ఈ బొమ్మ ఎక్కడిది?"

"తూర్పు గట్టు. సోమవారం పొద్దున."

"ఇది?"

"రెండు పాయలు కలిసే చోటు. అక్కడే కూర్చుని తిన్నాం."

"మరి ఈ ఆఖరిది?"

"ఏమో."

"ఏమో ఏంటి? ఇరవై ఏళ్లుగా ఇక్కడే తిరుగుతున్నావు."

"కొండలన్నీ ఒకేలా ఉంటాయి తల్లీ. ఏదో ఊహించి గీసుంటారు."

"నాన్నా? ఊహించా? అమ్మ బొమ్మ గీస్తూ ముక్కు మీద పులిపిరి కూడా పెట్టి వారం రోజులు తిట్లు తిన్నాడు. కళ్లెదుట లేనిది గీయడు, ఉన్నది వదలడు."

"నిజమే... మాస్టారంతే."

"తూర్పు గట్టంతా జల్లెడ పట్టారన్నా. సాయంత్రం జట్టు వెళ్లిపోతోంది. నీ కాళ్లు పట్టుకుంటా."

"లే, లే! నా కాళ్లు పట్టుకోకు. అది... అది తూర్పు గట్టు కాదు."

"మరి?"

"పడమటి లోయ. మూసేసిన దారి. ఎవర్నీ తీసుకెళ్లకూడదు. మాస్టారు ఒక్కసారి, ఒక్కసారే అని బతిమాలారు. అంచు విరిగింది. తాడు వదిలా, అందలేదు. గొంతు పోయేదాకా పిలిచా. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"అందుకని తూర్పు గట్టని చెప్పావా? ఆరు రోజులన్నా! ఆరు రోజులు వాళ్లందరూ..."

"భయమేసిందమ్మా. జైల్లో వేస్తారని. ఎలాగూ పోయారు కదా, ఎక్కడ వెతికితే ఏముందని..."

"ఎలాగూ పోయాడా? నువ్వు చూశావా?"

"అంత ఎత్తు నుంచి పడితే ఎవరు మిగుల్తారు? ఈ బొమ్మ పడకముందు గీసిందే."

"గీస్తుంటే చూశావా?"

"చూళ్లేదు. కానీ ఇంకెప్పుడు గీస్తారు?"

"ఏడిపించకు. చోటైనా సరిగ్గా చెప్పు, వాళ్లని పంపాలి. అంచున ఈ చెట్టుందే, నిలువునా చీలి, సగం మాడిపోయి, దాని దగ్గరేనా?"

"మాడిపోవడమేంటి? నేను తాడు కట్టింది దానికే. పచ్చగా, నిండుగా ఉంది."

"నాన్న మాడినట్టే గీశాడు."

"ఏదీ, ఇలా తే."

"చూడు. కొమ్మలు కూడా నల్లగా..."

"అమ్మా..."

"ఏంటి? ఏంటన్నా?"

"పిడుగుల వాన పడింది మొన్న రాత్రి. ఈ బొమ్మ నిన్నటిది."