వేలూరు డిష్షులో వాన

"అవ్వా, మిద్దె మింద ఆ తుప్పు పట్టిన డిష్షు ఎప్పుటిది? పాత ఇనుముకి ఏసేద్దామా?"

ఏసెయ్ పాపా, నాకేం. అది వేలూరు డిష్షు. మన ఐరాలలో అప్పుట్లో ఎవురు డిష్షు పెట్టించుకున్నా తెలుగు చానళ్ళే వస్తా ఉండె. నాకేమో అరవం కావాల. కాట్పాడి తట్టు పుట్టినదాన్ని గదా, బళ్ళో సదివిందంతా అరవమే. మా అన్న ఏం సేసినాడంటే, వేలూరులో వాళ్ళింటి అడ్రసు మింద ఒక డిష్షు కొనేసి, బస్సులో ఏసుకోని ఈడికి తెచ్చిచ్చినాడు. కంపినీ వోళ్ళ లెక్కలో అది వేలూరులో ఉండాది, ఉండేదేమో మన మిద్దె మింద. మెడ్రాసు వోళ్ళకి వాళ్ళ వూరి సంగతులే సెప్పే చానలొకటి ఉంటాదే, అది గూడా వస్తా ఉండె. మెడ్రాసులో యా వీధికి నీళ్ళు రాలేదో నాకు ఈడ కూసోనే తెలిసిపొయ్యేది. మీ తాత నవ్వేవాడు, ఆ వూర్లో కౌన్సిలరుగా నిలబడు మే అని.

యాడుండాను... ఆ. నవ్వేవాడు గాని, మెడ్రాసు రోడ్లు ఎట్లుండాయో తెలిసేది గదా, ఆయనకీ అది పనికొచ్చేదే. బెల్లం లారీ గదా మనది. మీ తాత తోలేవాడు, మా మరిది గురవయ్య, అదే మీ సిన్నతాత, పక్కన కూసోని పొయ్యేవాడు. ఇద్దురూ వారానికొకసారి... వారానికి కాదులే, గానుగలు ఆడే కాలంలో అయితే దినం మార్చి దినం మెడ్రాసుకి లోడు. అప్పుట్లో బెల్లం ధర సెప్తే నువ్వు నవ్వతావు, ఇప్పుడు ఆ దుడ్డుకి టీనీళ్ళు గూడా రావు. సరే, అది ఇడిసిపెట్టు.

కార్తీకమాసం వానలు. ఒక దినం తెల్లారకముందే లోడెత్తుకోని పొయినారు ఇద్దురూ. ఇంటి పని అయినాక నేనూ మునెమ్మా టీవీ పెట్టినాము. మునెమ్మ అంటే గురవయ్య పెండ్లాము, నా తోడికోడలు. దానికి అరవం ఒక్క ముక్క రాదు. బొమ్మ సూస్తాది, మళ్ళీ నా మొగం సూస్తాది. నేను సెప్పిందే దానికి వార్త.

మెడ్రాసంతా నీళ్ళు పాపా. చెరువులు తెగినాయంట, గేట్లెత్తేసినారంట. అట్ల సూస్తా ఉంటే, తిరువళ్ళూరు తట్టు ఒక వాగు సూపించినారు. రోడ్డు మింద నీళ్ళు పొర్లతా ఉండాయి, నడాన ఒక లారీ పక్కకి పడుండాది. దానికి నీలం టార్పాలిన్ పట్ట కట్టుండారు. మన లారీకీ నీలం పట్టే. కింద అక్షరాలు పరిగెత్తతా ఉండె. ఆంధ్రా లారీ వాగులో కొట్టకపొయింది, ఇద్దురుండిరి, ఒకర్ని కాపాడినారు, ఇంకొకర్ని ఎతకతా ఉండారు, అని. పేర్లు లేవు, యా వూరో లేదు.

మునెమ్మ నన్నే సూస్తా ఉండాది. "ఏం రాసినారక్కా?" అనింది. దాసేద్దామనుకున్నాను గాని, నా మొగం అప్పుటికే సెప్పేసింది గదా దానికి. ఉండేది ఉన్నట్టు సెప్పేసినాను. అది "బతికిన ఆ ఒకరు ఎవురక్కా?" అనింది.

దాన్ని ఎంటబెట్టుకోని పక్కింటికి ఉరికినాను.

ఆడ ఫోనుండె. గురవయ్య కాడ సెల్లుండె, దానికి సేస్తే ఎవురో ఆడామె, మీరు పిలిచిన మనిషి అందుబాటులో లేడు అని అరవంలో సెప్తా ఉండాది. మళ్ళీ సేసినా అదే మాట, అదే గొంతు. ఇంటికొచ్చి తెలుగు చానలు తిప్పితే, ఆడ వంకాయ కూర సేసేది సూపిస్తా ఉండారు. మెడ్రాసు వాగు సంగతి వాళ్ళకెందుకు. మళ్ళీ అరవ చానలే పెట్టుకోని కూసున్నాము.

అంతలో ఆ మబ్బు మన తట్టు వచ్చేసింది. వాన మొదులయ్యేతలికి బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలిపోతా ఉండాది. మళ్ళీ అదే వాగు సూపిస్తా ఉండారు. బతికినాయనకి దుప్పటి కప్పి, తాడు పట్టించి గట్టుకి తెస్తా ఉండారు. ఆయన ఈ తట్టు తిరగబోయినాడు, అంతే, బొమ్మ ఆడనే నిలిచిపొయింది. మొగం లేదు, ఈపు ఒకటే. మునెమ్మ సూసి, మా ఆయనే అక్కా అనింది. నాకేమో మీ తాత మాదిరే ఉండె. అన్నదమ్ములు గదా, ఎనక నుంచి సూస్తే ఇద్దురూ ఒకటే. తరవాత ఆ బొమ్మ గూడా పొయి, సిగ్నల్ లేదని వచ్చేసింది.

కాణిపాకం సామికి మొక్కుకుందామని సేతులెత్తినాను. ఏమని మొక్కేది, నువ్వే సెప్పు. మీ తాతని బతికించు సామీ అంటే, మరిదిని తీసుకో అన్నట్టే గదా. ఎత్తిన సేతులు ఎత్తినట్టే ఉండాయి. నాకు అప్పుడు వానంటే గూడా అంత భయం లేదు పాపా. నా మనసు ఏం కోరుకుంటా ఉండాదో పక్కన కూసోనుండేదానికి తెలిసిపోతాదేమో అని, ఆ భయం. అదీ నా పక్క సూడకుండా నేల సూస్తా ఉండాది. అదే అనింది, "అక్కా, నువ్వు నీ మరిది కోసం మొక్కు. నేను బావ కోసం మొక్కుతాను." అట్లనే మొక్కినాము. నా నోరు గురవయ్య పేరే అనింది. కడుపులో ఏముండిందో సామికి తెలుసు. దాని కడుపులో ఏముండిందో నేను అడగలేదు.

పొద్దుగూకేతలికి లారీ హారను ఇనపడె. ఇద్దురూ దిగినారు. తిరుత్తణి కాడనే పోలీసోళ్ళు ఆపేసి ఎనక్కి తిప్పినారంట. పట్ట కింద బెల్లమంతా కరిగి పానకం కారతా ఉండాది, మీ తాతకి అదే ఏడుపు. మమ్మల్ని సూసి, "ఏం మే, ఎవురన్నా పొయినారా, ఇట్ల కూసోనుండారు?" అన్నాడు. మునెమ్మ వానలోనే ఉరికి, మొగుడి ఈపు మింద రెండు సేతుల్తో బాదతా ఏడ్సింది. నేను ఏడవలేదు. లోపలికి పొయి ఎసరు పెట్టినాను. బియ్యమంతా కింద పోసుకున్నాను.

వాన నిలిచినాక టీవీ మళ్ళీ వచ్చింది. పట్టుచీరల అంగడి సూపిస్తా ఉండారు. ఆ లారీ మాటే మళ్ళీ రాలేదు. అది యా వూరి లారీనో, ఆ రెండో మనిషి దొరికినాడో లేదో, నాకు ఇప్పుటికీ తెలీదు. ఆ లారీ వోళ్ళ వూర్లో మెడ్రాసు చానలు రాదు గదా పాపా. మేము ఈడ ఒకరి మొగం ఒకరు సూసుకోలేక కూసోనుండే టయానికి, ఆ ఇంటి ఆడది నీళ్ళు తోడుకుంటానో, బిడ్డకి తల దువ్వతానో ఉండుంటాది, ఏమీ తెలీకుండా. నేను మొక్కిన మొక్కులో ఆమె లేనే లేదు. నా వోళ్ళు దిగినారు, నాకు అంతే సాలని...

సరే లెయ్యి. నీ ఇంటి మనుసులు ఎప్పుడూ పొద్దుగూకేలోపల ఇల్లు చేరాల తల్లీ. నువ్వు సల్లగుండాల. వాళ్ళూ... ఆ యమ్మ గూడా, యాడుందో ఏమో...