లక్ష్మీరాజం దాసిన పెట్రోల్

పెట్రోల్ రేటు మల్ల పెరిగిందా? ఎంతైంది? వద్దు తీ, చెప్పకు సాయీ, ఇని నేనేం జేస్త. రేటు పెరిగిందంటే నాకు గా లక్ష్మీరాజమే యాదికొస్తడు. నువ్వెరుగవు, నువ్వప్పుడు మీ అమ్మమ్మోళ్లింటికాడ ఉంటివి. మా ఇంటి గోడకానుకొనే ఆయిన ఇల్లు. గీ చొప్పదండి నుంచి కరీంనగర్‌కు ఆటో నడుపుతుండె. మీ బాపు గూడ ఎక్కేది అండ్లనే. బక్కపల్చని మనిషి, ముచ్చట్లు మాత్రం బాగ జెప్పేటోడు. పెట్రోల్ పెరిగి కిరాయి జర ఎక్కువడిగితే ఆటోల ఆడోళ్లు మీదికి లేద్దురు. 'మొన్ననే పెంచితివి గదనయ్యా, మల్లనా?' 'నేనేం జేద్దునవ్వా, ట్యాంకుల సగం పెట్రోల్ పోస్తున్న, సగం పన్ను పోస్తున్న. ఢిల్లోడొకింత, హైద్రాబాదోడొకింత.' అందరు నవ్వుదురు. పైసలు మాత్రం ఎక్కువియ్యరు.

గా యేడు ఓట్లొచ్చినయి. ఓట్లు అయ్యేదాక రేటు కదల్లే. అయినంక ఒక్కసారే పెంచుతరని ఆటోల అడ్డా మీద ఒకటే ముచ్చట. ఇగ ఆయినకు ఫికర్ వట్టుకున్నది. బంకుల క్యాన్లల్ల పొయ్యరు గద, ట్యాంకు నింపుకొని ఇంటికొచ్చుడు, పైపు నోట్లవెట్టి గుంజుడు, క్యాన్లకు వట్టుడు, మల్ల బంకుకు పోవుడు. ఎప్పుడు మాట్లాడినా నోట్లకెల్లి గదే వాసన. వాళ్లింటామె చంద్రవ్వ మొత్తుకున్నది. 'బువ్వ గూడ పెట్రోల్ వాసనొస్తున్నది, తీస్కపోయి పారబొయ్యి!' 'రేటు పెరగనియ్యి, నువ్వే నన్ను మెచ్చుకుంటవు' అన్నడు. పెరిగింది గూడ. నా దగ్గరికొచ్చి చెప్పుకొని మురిసిండు. గంత సంబురంగ ఆయిన మొకం నేనెన్నడు జూడలే.

ఎండకాలం, మిట్ట మధ్యాన్నం. రేకులింట్ల సెగకు ఓ క్యాను పలిగి కారింది. ఎప్పుడూ గా వాసనల్నే ఉన్నోళ్లకు ఏమెరుకైతది? చంద్రవ్వ చాయ పెడ్దామని పొయ్యి ముట్టిచ్చింది. భగ్గుమన్నది. లక్ష్మీరాజం ఇంట్లనే ఉండె, ఆమె రెక్కవట్టి బయటికి గుంజుకొచ్చిండు. ఇద్దరు బయటవడ్డరు బిడ్డా, నా కండ్లతోని జూసిన. చంద్రవ్వ చేతులు కాలినయి, ఆయినకు దెబ్బ లేదు. అప్పుడు మా గోడ దిక్కు జూసిండు. అవతల మా అవ్వ, కాళ్లు వడిపోయి మంచంల ఉండె. క్యాన్లన్ని గా గోడకే పెట్టి ఉన్నయి. 'రాజేశం బావా, ముసలవ్వను బయటికి తియ్యుండ్రే!' అని నన్ను జూసి ఒర్లుకుంట మల్ల వాళ్లింట్ల లోపటికి ఉరికిండు.

నేను, మా ఇంటామె మంచంతోనే అవ్వను లేవట్టినం. మేం తొవ్వ మీదికొచ్చేసరికి ఆయిన ఒక్కో క్యాను వాకిట్లకు ఇసిరేస్తున్నడు. ఆఖరిది తెచ్చేటప్పటికి అంగి అంటుకున్నది, చేతుల క్యాను గూడ అంటుకున్నది.

కరీంనగర్ దవాఖాన్ల పానం వోయింది. ఊరోళ్లేమన్నరో ఎరుకేనా? పెట్రోల్ కాపాడుకోవోయి సచ్చిండట. కక్కుర్తి అట. ఇంట్ల దాసుడు తప్పే, నేను కాదంటనా? గానీ లోపటికి ఉరికింది పెట్రోల్ కోసం గాదు. అందరికి చెప్పిన, ఎవలిన్నరు? చంద్రవ్వ గా కాలిన చేతులతోని బోథ్ దిక్కు తల్లిగారింటికి వోయింది. మల్ల రాలే.

ఆయిన సచ్చిన సంగతి మా అవ్వకైతే చెప్పలే. వాళ్లు పక్క వాడకట్టుల కిరాయికుంటున్నరన్నం. బతికినన్నాళ్లు పొద్దుగాల లేస్తే ఒకటే అడుగుడు. 'రాజేశం, ఆటో సప్పుడు ఇనవడ్తలే, లక్ష్మీరాజం ఇంక పోలేదా?'

'పోయిండే అవ్వా. ఎప్పుడో పోయిండు.'

...జర గా ఫ్యాను బందువెట్టు సాయీ. సలివెడుతున్నది.