నోటుపుస్తకం చూడనిదే ప్రశ్నపత్రం లేదు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ పదిహేడో తేదీ, సోమవారం ఉదయం, ఒక చేత నీళ్ళు కారుతున్న గొడుగుతో, మరొక చేత నియామక ఉత్తర్వుతో మా మేడం గారు గణితోపాధ్యాయినిగా విద్యాశాఖలో అడుగుపెట్టారు. తొలిరోజే యాభై ఎనిమిది మంది పిల్లలున్న గదిని వారికి అప్పగించి, "అల్లరి గదమ్మా, జాగ్రత్త" అని ప్రధానోపాధ్యాయులు చల్లగా జారుకున్నారట. ఏడాది తిరిగేసరికి ఆ గదే బడికి తలమానికమైంది.

పదకొండేళ్ళ బోధనానుభవంతో మూల్యాంకన విభాగానికి విచ్చేసిన వారి కార్యదీక్షను, విషయ పరిజ్ఞానాన్ని, ముక్కుసూటితనాన్ని ఎంత కొనియాడినా తక్కువే. సమావేశంలో ఎవరైనా ఊకదంపుడు ఉపన్యాసం మొదలుపెడితే, "ఇంతకీ పిల్లాడికి ఏం వచ్చిందండీ?" అని ఒక్క ప్రశ్న వేసేవారు, ఉపన్యాసం అక్కడితో సరి. ప్రభుత్వ, పురపాలక, ప్రైవేటు బడులు వేర్వేరు పాఠ్యపుస్తకాలతో మూడూ మూడు దారుల్లో నడుస్తున్న ఆ రోజుల్లో, ఏ బడిలో చదివినా ఒక తరగతి పిల్లలంతా ఒకే స్థాయి అందుకోవాలన్న ఆశయంతో, తొలి ఉమ్మడి పరీక్షను రూపొందించే గురుతర బాధ్యత వారి భుజస్కంధాలపై పడింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ తొలి అర్ధసంవత్సర పరీక్షలో, ఆరో తరగతి లెక్కల్లో పురపాలక బడులు ఘోరంగా దెబ్బతిన్నాయి. పద్నాలుగు మంది ఉపాధ్యాయులకు సంజాయిషీ నోటీసులు వెళ్ళాయి. జవాబు తృప్తికరంగా లేకపోతే దూరప్రాంతాలకు బదిలీ. కారణం స్వయంగా తెలుసుకుందామని మేడం గారు రైల్వే వర్క్‌షాపు వెనకున్న ఒక పురపాలక బడికి వెళ్ళారు. దశాంశాల లెక్కలన్నీ ఖాళీగా వదిలేసిన ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఎందుకు వదిలేశావమ్మా?"

"మాకింకా చెప్పలేదు టీచర్. సెలవులయ్యాక చెప్తారంట."

ఆ పిల్ల నోటుపుస్తకం మొదటి నుంచి తిప్పితే, భిన్నాల దగ్గర ఆగిపోయింది. పురపాలక బడుల పాఠ్యపుస్తకంలో దశాంశాలు రెండో భాగంలో ఉన్నాయి. మిగతా రెండు పుస్తకాలూ చూసి, మూడోదీ అంతేలే అనుకొని ప్రశ్నపత్రానికి ప్రణాళిక గీసింది మరెవరో కాదు, మేడం గారే. వారు నిలువునా నీరైపోయారు. ఇంతలో ఆ బడి లెక్కల టీచరమ్మ, చేతుల సుద్దపొడి దులుపుకుంటూ వచ్చి, ఒక కాగితం చూపించింది.

"నోటీసుకి జవాబు రాశాను మేడం. ఇకమీదట శ్రద్ధగా బోధిస్తాను, క్షమించండి అని. సరిపోతుందంటారా?"

చేయని తప్పుకు క్షమాపణ! మేడం గారు ఆ కాగితం పుచ్చుకొని తిన్నగా సంచాలకుల గదికి వెళ్ళారు.

"తప్పు నాది సార్. ఆ నోటీసులు వెనక్కి తీసుకోండి."

"వచ్చే నెల మీ ప్రమోషను. నోటికాడి కూడు కాలదన్నుకుంటారా? కొన్నాళ్ళు ఊరుకోండి, అన్నీ అవే సర్దుకుంటాయి."

"పిల్లలు తప్పు చేస్తే మనం మార్కులు కోస్తాం. మనం చేస్తే ఎవరు కోస్తారు సార్?"

సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే, బస్సు డ్రైవరైన వారి శ్రీవారు, "దారి తప్పితే బండి వెనక్కి తిప్పాల్సిందే. దిగి నడవండని ప్యాసింజర్లని కసురుతామా?" అన్నారట. మర్నాడే మేడం గారు స్వహస్తాలతో లేఖ రాసి సమర్పించారు. నోటీసులు రద్దయ్యాయి, ఆ ప్రశ్నలు తొలగించి మార్కులు మళ్ళీ వేశారు. వారి ప్రమోషను మాత్రం నాలుగేళ్ళు అటకెక్కింది. వెనక చేరినవారు ముందు కుర్చీలో కూర్చుంటే వారి ముఖం చిన్నబోలేదని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి వారం చిన్నబోయింది. ఆ తర్వాత పని తప్ప మరో మాట లేదు.

నాటి నుంచి మూడు రకాల బడుల నోటుపుస్తకాలూ బల్ల మీదికి రానిదే మా విభాగంలో ఏ ప్రశ్నపత్రమూ అచ్చుకు వెళ్ళలేదు. ఒక పుస్తకం వెనక అట్ట మీద ఎవరో లెక్కల మాస్టారికి కొమ్ములు పెట్టి బొమ్మ గీస్తే, "చేయి తిరిగినవాడే" అని మెచ్చుకొని మరీ పేజీ తిప్పారు. కాలక్రమంలో మూడు పాఠ్యప్రణాళికలనూ ఒక్క వరుసకు తెచ్చిన సంఘానికి అధ్యక్షత వహించి, సంయుక్త సంచాలకులుగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు. వారు దిద్దిన దారిన ఈ విభాగం నిబ్బరంగా నడుస్తుంది, సందేహం లేదు.

అభినందన సంచికలో తప్పు ప్రస్తావన ఏమిటని మాలో మాకు గుంజాటన జరిగింది. చివరికి వారినే అడిగాం. "చోటు చాలకపోతే పొగడ్తలు తీసేయండి నాయనా, అది మాత్రం ఉంచండి. కొత్తగా చేరేవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. పొగడ్తలూ తీయలేదు, అది వేరే సంగతి.

మేడం గారు తమ శ్రీవారితో, పిల్లలతో, మనవలతో ఆయురారోగ్యాలు నిండుగా కలిగి నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ఇందులో మా స్వార్థమూ లేకపోలేదు. ఏదో ఒకనాడు మా చేతుల మీదుగానూ తప్పు జరుగుతుంది. ఒప్పుకోవడానికి ధైర్యం చాలదు. ఆనాడు మేము ఫోను చేస్తే, "ముందు వెళ్ళి చెప్పెయ్, నేనున్నాను" అనడానికి వారుండాలి.